నూటికి ఎన్ని తిరిగొచ్చాయి

జూన్ 6

మామయ్యకి,

అందరం బాగున్నాం, కవరు చూసి కంగారు పడకు. అమ్మ మాత్రం నీ మీద అలిగింది. పోయిన శనివారం లెన్సుల పార్సిల్లో నాకు చాక్లెట్లు పెట్టావట, తనకి పెట్టలేదట. యాభై ఐదేళ్ల మనిషి చాక్లెట్టు కోసం మూతి ముడుచుకుంటే ఎలా ఓదార్చాలో నాకు తెలియదు. ఆవిడ నీ చెల్లెలు, నువ్వే చూసుకో.

ఫోను చేయొచ్చు కదా అంటావు. చేశాను. అద్దాలు అరగదీసే మిషను పక్కన నలభై ఏళ్లు కూర్చున్న నీ చెవులతో ఫోనులో మాట్లాడ్డం నా వల్ల కాదు. పైగా నాకిప్పుడు అంకెలు కావాలి. అందుకని రాస్తున్నాను. నువ్వూ రాసి పార్సిల్లో పెట్టు, బస్సు డ్రైవరు అన్న ఎలాగూ తెచ్చిస్తాడు.

సంగతేమిటంటే, మా వీధి చివర ఉన్న కంటి ఆసుపత్రి వాళ్లు తమ దగ్గరికొచ్చే వాళ్ల కళ్లజోళ్లన్నీ ఒకే షాపుకి ఇద్దామనుకుంటున్నారు. నన్నూ, మెయిన్ రోడ్డు మీద అద్దాల తలుపులున్న ఆ పెద్ద షాపునీ చూస్తున్నారు. డాక్టరమ్మ ఒకటే షరతు పెట్టింది. సెప్టెంబరు నెలలో నేను చేసే మొదటి వంద జోళ్లలో అయిదుకి మించి ఆ నెలలోపు తిరిగి రాకూడదు. ఆసుపత్రి చీటీ అయినా, దారిన పోయేవాళ్లు చేయించుకున్నదైనా, షాపులో చేసిన ప్రతి జోడూ లెక్కే. ఆ పని దొరికితే షాపు నిలబడుతుంది. లేకపోతే రెండేళ్ల ముచ్చట తీరిపోయినట్టే, తాళం వేసి మళ్లీ ఎవరి కౌంటరు దగ్గరో నిలబడాలి. ఈ మాట అమ్మకి చెప్పకు.

ఆసుపత్రి వాళ్లే చిన్న వ్యాపారుల కోసం ఒక రోజు క్లాసు పెట్టించారు. బెంచ్‌మార్కింగ్ అని ఒకటి చెప్పారు. మన పనిలో మనకంటే గట్టివాళ్లు ఎవరో చూసుకుని, వాళ్ల అంకె పక్కన మన అంకె పెట్టుకోవాలట. తేడా ఎక్కడుందో, వాళ్లు ఏం చేస్తే ఆ తేడా వస్తోందో కనిపెట్టి, ఆ పద్ధతి తెచ్చుకోవాలట. పక్కనున్నాయన తనకంటే గట్టివాళ్లు ఎవరా అని గంటసేపు తల గోక్కున్నాడు. నాకు ఆలోచించాల్సిన పనే లేకపోయింది.

నా అంకెలు: నూటికి పద్నాలుగు తిరిగొస్తున్నాయి. తల తిరుగుతోందని కొందరు, ముక్కు మీద నిలవడం లేదని కొందరు. చీటీ ఇచ్చిన రోజు నుంచి జోడు చేతికిచ్చేదాకా రెండు రోజులు పడుతోంది. ఇప్పుడు నీవి రాయి. ఎలా చేస్తావో మొదటి నుంచి చివరిదాకా కూడా రాయి.

నీ గడుగ్గాయి

జూన్ 13

ఒసేయ్ గడుగ్గాయీ,

నీ ఉత్తరం మీ అత్తయ్య రెండుసార్లు చదివించుకుంది. గట్టివాళ్లు అన్న చోట మాత్రం మూడుసార్లు. ఆ మాట ఇన్నేళ్లలో తను నాతో ఒక్కసారీ అనలేదని గుర్తు చేస్తే, ఇంట్లో నీ లెక్క వేరు అంది. మీ అమ్మకి ఈసారి విడిగా పొట్లం కట్టాను, పేరు రాసి మరీ ఇవ్వు.

బెంచి మీద మార్కులంటే నా షాపులో ఉన్న ఒక్క బెంచీ నిండా అవే. ఎవరెవరు ఎప్పుడు కూర్చుని గోళ్లతో గీకారో చెప్పగలను. సరే, నవ్వులాట పక్కన పెడతాను.

అమ్మా, పద్నాలుగుకి అంత దిగులెందుకు. నాకూ నూటికి తొమ్మిది తిరిగొస్తాయి. నలభై ఏళ్ల చేతికే తొమ్మిదైతే, రెండేళ్ల చేతికి పద్నాలుగు ఏం ఎక్కువ? ధైర్యంగా ఉండు. రోజులంటావా, నాకు నాలుగు పడుతుంది. నీకు రెండే అంటే ముచ్చటగానూ ఉంది, నిజం చెప్పొద్దూ, కొంచెం కుళ్లుగానూ ఉంది. నేనిచ్చిన ఆ పాత మిషను మీద రెండు రోజుల్లో ఎలా తీస్తున్నావే? నా దగ్గరున్నప్పుడు అది నన్ను ఏడిపించుకు తినేది.

ఎలా చేస్తానంటే, ఇందులో దాచేదేముంది, నువ్వు నా పక్కన కూర్చుని చూసిన పనే. చీటీ చదువుతాను. రెండు కళ్ల మధ్య దూరం కొలుస్తాను. అద్దం మీద నడిమధ్య చుక్క పెడతాను. అంచు అరగదీస్తాను, ఫ్రేములో ఎక్కిస్తాను, తుడిచి ఇస్తాను. అంతకు మించి నాకు తెలిసిన మంత్రం లేదు.

వేళకి తిను. మిషను ముందు కూర్చుని తింటున్నావని మీ అమ్మ చెప్పింది. గాజు పొడి కడుపులోకి పోతుంది.

మీ మామయ్య

జూన్ 20

మామయ్యకి,

నీ తొమ్మిది చూసి నా ప్రాణం లేచొచ్చింది. నూటికి ఒకటో రెండో అని రాస్తావనీ, అది చూసి నేను మంచం ఎక్కుతాననీ అనుకున్నాను. అమ్మ కూడా చాక్లెట్లు తిని, మా అన్నయ్య బంగారం అని ఒప్పుకుంది.

ఇంకో మంచి పని కూడా చేశాను. నేరుగా డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి, మీరు పెట్టిన అయిదు అనేది ఎవరికీ సాధ్యం కాదు, నలభై ఏళ్ల షాపులోనే తొమ్మిది తిరిగొస్తున్నాయి, దాన్ని తొమ్మిది చేయండి అని అడిగాను. ఆవిడ ఏ షాపు అంది. నీ షాపు అని చెప్పాను. ఆ మాట కాగితం మీద రాసివ్వమంది, ఆలోచిస్తానంది. అక్కడే నిలబడి రాసిచ్చేశాను. నీ షాపు పేరు, కింద తొమ్మిది, దాని కింద నా సంతకం.

పైపైన నీ పద్ధతి చూస్తే నేను చేసేదానికీ నువ్వు చేసేదానికీ ఏమీ తేడా లేదు. అందుకే ఇప్పుడు తిరిగి వచ్చేవాటి మీద కాకుండా వేగం మీద పడ్డాను. నాలుగు రోజులు పడుతోందని నువ్వు చిన్నబుచ్చుకోకు. నీ దగ్గర రద్దీ ఎక్కువ.

నీ గడుగ్గాయి

జులై 11

అమ్మా,

మూడు శనివారాలు ఉత్తరం లేకుండా పార్సిల్ పంపినందుకు తిట్టుకుని ఉంటావు. రాయడానికి కూర్చోవడం, మళ్లీ లేవడం, ఇదే సరిపోయింది.

ఆ కాగితం రాసివ్వకుండా ఉండాల్సింది. నన్నొక మాట అడగాల్సింది. ఏం లేదులే, నా షాపు పేరు ఏ ఆసుపత్రి బల్ల మీదో కూర్చుందంటే ఒకలా ఉంది, అంతే. డాక్టరమ్మ ఇంకా ఏమీ అనకపోతే వెనక్కి తెచ్చుకోవడం కుదురుతుందా?

నేనూ ఖాళీగా కూర్చోలేదు. నా మేనకోడలు రెండు రోజుల్లో తీస్తుంటే నేను నాలుగు రోజులు తిప్పుకోవడం ఏమిటని పట్టుదల వచ్చింది. అనవసరంగా పోతున్న సమయం ఎక్కడుందా అని చూసి కోసేశాను. ఇప్పుడు నేనూ రెండు రోజుల్లో ఇచ్చేస్తున్నాను. మీ అత్తయ్య మాత్రం షాపు రైల్వే టికెట్ల కౌంటరులా తయారైందని సణుగుతోంది. ఇదివరకు నాలుగు మాటలు మాట్లాడేవాడివి, ఇప్పుడు జోడు చేతిలో పెట్టి తరువాత ఎవరు అంటున్నావు అని. ఆడవాళ్లకి మనం నిదానంగా ఉన్నా తప్పే, చురుగ్గా ఉన్నా తప్పే.

ఈ మధ్య చేతులు తొందరగా అలిసిపోతున్నాయి. నీ వయసులో నేనూ రెండు రోజుల్లో తీసేవాణ్ణేమో, గుర్తు లేదు.

మీ మామయ్య

ఆగస్టు 1

మామయ్యకి,

పోయిన శనివారం పార్సిల్ తెచ్చింది మన డ్రైవరు అన్న కాదు, వేరే ఆయన. ఏమైందని అడిగితే, బస్సు దిగుతూ మెట్టు తప్పి కాలు బెణికిందట, ఇంట్లో ఉన్నాడట అన్నాడు. ఆదివారం వెళ్లి చూసొచ్చాను. మడమ వాచి ఉంది కానీ నోరు మామూలుగానే పనిచేస్తోంది. పది రోజుల్లో మళ్లీ బండెక్కుతానంటున్నాడు.

బల్ల మీద కొత్త కళ్లజోడు ఉంది. దగ్గరికీ దూరానికీ కలిపి ఉన్న అద్దం, నువ్వు చేసిందే. తీసి చూశాను. కోప్పడకు మామయ్యా, దగ్గరి చూపు గీత ఉండాల్సిన దానికంటే కాస్త పైన ఉంది. కిందికి చూసినప్పుడు మెట్టు మసకబారి ఉంటుంది. నాలాంటి దాని చేతిలో అది మామూలే. నీ చేతిలో అలా జరగడం నేను ఎప్పుడూ చూడలేదు.

ఆయన నిన్ను ఒక్క మాట అనలేదు. ఒకటే అన్నాడు, దాన్ని ఆయన మాటల్లోనే రాస్తున్నాను. "మీ మామయ్య ఈసారి నన్ను మెట్లెక్కించలేదమ్మా. ఇదివరకు జోడు పెట్టి, షాపు ముందున్న నాలుగు మెట్లూ దింపి, ఎదురు షాపు బోర్డు చదివించి, మళ్లీ ఎక్కించేవాడు. మా ఇంట్లో వాళ్లందరి సంగతీ అడుగుతూ ముక్కు దగ్గర సర్దేవాడు, కాడ వేడిచేసి వంచేవాడు. నచ్చకపోతే రేపు రమ్మనేవాడు. అప్పుడప్పుడు రెండు మూడు రోజులు తిప్పేవాడు. మా ఇంట్లో ఆరుగురికి ఆయన చేసిన జోళ్లే. ఒక్కటీ వెనక్కి తీసుకెళ్లిన గుర్తు లేదు."

ఇంటికొచ్చి నీ జూన్ ఉత్తరం మళ్లీ తీసి చదివాను. మెట్లెక్కించడం నీ ఉత్తరంలో లేదు. చీటీ, కొలత, చుక్క, అంచు, ఫ్రేము, తుడిచి ఇవ్వడం అన్నావు. నా దగ్గర జోడు పెట్టుకున్నవాళ్లు అద్దంలో చూసుకుని వెళ్లిపోతారు. నడిచేది రోడ్డు మీదికి వెళ్లాకే.

రెండు అడుగుతాను, నిజం చెప్పు. ఆ పని నువ్వు నాకెందుకు రాయలేదు? ఆరుగురిలో ఒక్కటీ తిరిగి రాకపోతే, నూటికి తొమ్మిది ఎక్కణ్ణుంచి వచ్చాయి?

నీ మేనకోడలు

ఆగస్టు 8

తల్లీ,

డ్రైవరు ఇంటికి నేనే స్వయంగా వెళ్లాను. జోడు తెచ్చి అద్దం మార్చి, మళ్లీ తీసుకెళ్లి, ఆయన కుంటుతున్నా వాళ్లింటి గుమ్మం దగ్గర దింపి ఎక్కించాను. ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఇన్నేళ్లలో నా అద్దం వల్ల ఒక మనిషి పడడం ఇదే మొదటిసారి.

మెట్ల సంగతి ఎందుకు రాయలేదంటే, అది పనని నాకే తెలియదు. మనిషి వచ్చాడు, జోడు పెట్టుకున్నాడు, నాలుగు మాటలు మాట్లాడతాం, అటూ ఇటూ తిరుగుతాడు. దాన్ని నేను పిచ్చాపాటీ అనుకున్నాను. నీ రెండు రోజులు చూసి, అనవసరంగా పోతున్న సమయమని దాన్నే కోసేశాను.

ఇంక తొమ్మిది. మొహం చెల్లకే ఇన్నాళ్లూ రాయలేదు. నాకు నూటికి మూడు తిరిగొచ్చేవి. ఎప్పుడైనా నాలుగు. నీ పద్నాలుగు చదవగానే నువ్వు మూడు చూసి చేతులెత్తేస్తావని భయపడి, ఆరు కలిపి రాశాను. మీ అత్తయ్య పక్కనే ఉంది. అబద్ధం రాస్తే అది దానికి పనికొస్తుందా అంది. చిన్నపిల్ల, కాస్త ధైర్యం కావాలి అన్నాను. చూశావా, నువ్వు షాపు పెట్టి రెండేళ్లయినా నాకు ఇంకా చిన్నపిల్లవే.

జులైలో ఎన్ని తిరిగొచ్చాయో తెలుసా? లెక్కపెట్టాను. సరిగ్గా తొమ్మిది. నీకు రాసిన అబద్ధాన్ని నా చేతులతో నేనే నిజం చేసి పెట్టాను.

ఆ కాగితం వెనక్కి తెచ్చుకో. నా పరువు కోసం కాదు. అయిదు సాధ్యం కాదని నువ్వు నమ్ముతున్నావు. సాధ్యమే. నీకు ముందే చెప్పి ఉంటే రెండు నెలలు కలిసొచ్చేవి. ఇప్పుడు సెప్టెంబరు ముంచుకొచ్చింది. నీ షాపు పోతే ఆ పాపం నాది.

మీ మామయ్య

ఆగస్టు 22

మామయ్యకి,

పాపం అంతా నీ ఒక్కడి నెత్తిన వేసుకోకు, నా వాటా నాకుంచు. రెండు రోజులన్నది కూడా అబద్ధమే. నాకు అయిదు రోజులు పడుతోంది. నువ్విచ్చిన మిషను గంట నడిస్తే గంట అలుగుతుంది. నీ షాపు పెట్టినప్పుడు కొనుక్కున్న మొదటి మిషను అది, నాకోసం ఇచ్చేశావు. అది పనిచేయడం లేదని ఏ నోటితో చెప్పను? బాధపడతావని రెండు అని రాశాను. నువ్వు ఆ రెండు పట్టుకుని పరిగెత్తావు, నేను నీ తొమ్మిది పట్టుకుని హాయిగా కూర్చున్నాను. క్లాసులో చెప్పినాయన మనిద్దరి సంగతీ వింటే, తరువాతి క్లాసులో ఎలా చేయకూడదో చెప్పడానికి మనల్నే నిలబెడతాడు. డ్రైవరు అన్న కాలికి మాత్రం మనిద్దరం కలిసే క్షమాపణ చెప్పుకోవాలి.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి కాగితం వెనక్కి ఇమ్మన్నాను. మా మామయ్య షాపులో మూడే, నాకు పద్నాలుగు అని చెప్పాను. పద్నాలుగు సంగతి నాకు మొదటి నెలే తెలుసు, నువ్వు చేసిన జోళ్లు పట్టుకుని వాళ్లు ముందు నా దగ్గరికే వస్తారు కదా అంది. కాగితం ఇచ్చేసింది. అయిదు మాత్రం అయిదే అంది.

ఇప్పుడు అసలు సంగతి. నా షాపు రోడ్డుకి సమానంగా ఉంటుంది, మెట్టన్నది లేదు. వడ్రంగిని పిలిచి షాపు మధ్యలో నాలుగు మెట్లు చేయించాను. ఎక్కి గోడని చూసి దిగాలి, అంతే. పైన అటక ఉందా అని వడ్రంగి మూడుసార్లు అడిగాడు. మొదటి రోజు జనం నవ్వారు. ఒకావిడ ఎక్కి, దిగుతూ ఆగిపోయి, కింద ఏమీ కంటికి ఆనడం లేదమ్మా అంది. అక్కడికక్కడే విప్పి సరిచేశాను. ఇదివరకైతే ఆవిడ వారం తరువాత తిరిగొచ్చిన పద్నాలుగులో ఒకటయ్యేది.

ఈ రెండు వారాల్లో నలభై జోళ్లు చేశాను. మూడు తిరిగొచ్చాయి. నూటికి ఏడెనిమిది. ఇంకా చాలదు, కానీ గుండె దడ తగ్గింది.

నీ గడుగ్గాయి

సెప్టెంబరు 5

ఒసేయ్,

గోడని చూసి దిగే మెట్ల గురించి విని మీ అత్తయ్య కడుపు పట్టుకుని నవ్వింది. ఆ తరువాత కళ్లు తుడుచుకుంది. నేను మాత్రం నవ్వలేదు, నాకు గర్వంగా ఉంది.

ఈ పార్సిల్లో మిషనుకి కొత్త మోటారు వస్తోంది. వద్దనకు. అలిగే మిషనుకి కూడా ఓదార్పు కావాలి.

నా చీటీ, ఫ్రేము కూడా పెట్టాను. పవరు మారిందట. నా కళ్లజోడు ఇన్నాళ్లూ నేనే చేసుకున్నాను, అందుకే అందులో తప్పు ఎప్పుడూ కనపడలేదు. ఈసారి నువ్వు చెయ్యి. తొందర లేదు, బయటివాళ్లవి అయ్యాకే.

నేను మళ్లీ నాలుగు రోజులకి వచ్చాను. ఆగస్టులో తిరిగొచ్చినవి నాలుగు.

మీ మామయ్య

సెప్టెంబరు 26

మామయ్యకి,

నీ మోటారు పెట్టాక మిషను పెళ్లికూతురిలా బుద్ధిగా కూర్చుంది. మూడు రోజుల్లో ఇస్తున్నాను, ఇది నిజం అంకె.

ఈ నెల తొంభై తొమ్మిది జోళ్లు చేశాను. అయిదు తిరిగొచ్చాయి. వందోది నీది, ఇందులో పెట్టాను. నిన్ను నా మెట్లెక్కించడానికి కుదరలేదు కాబట్టి, నీ పాత జోడు కొలతలు చూసి గీత పెట్టాను. రాత్రి భోజనం దగ్గర అమ్మకి షాపు సంగతి మొత్తం చెప్పేశాను. తిట్టలేదు. లేచి వెళ్లి నా చొక్కా చేతికంటిన గాజు పొడి దులిపింది.

ముప్పయ్యో తారీఖున డాక్టరమ్మకి లెక్క ఇవ్వాలి.

నీ గడుగ్గాయి

సెప్టెంబరు 27

అమ్మా,

శనివారం దాకా ఆగకుండా ఈరోజు బస్సుకే పంపిస్తున్నాను. కవరులో నా కళ్లజోడు ఉంది.

కుడి కన్ను అద్భుతంగా కుదిరింది. నేను చేసినా అంతకంటే బాగా రాదు. ఎడమ పక్క గీత కాస్త పైకి వచ్చింది. షాపు ముందు మెట్లు దిగాను, మూడో మెట్టు దగ్గర కాలు తడబడింది. ముందు నా కాలిదే తప్పనుకున్నాను. మళ్లీ ఎక్కి దిగాను. మళ్లీ అక్కడే. అలా అయిదుసార్లు దిగాను, ఒక్కసారైనా తడబడకూడదని దేవుణ్ణి తలుచుకుంటూ.

నాలుగు రోజులు ఆగి పంపితే నెల మారిపోతుంది కదా అంది మీ అత్తయ్య. నాకూ అదే అనిపించింది. జోడు పెట్టెలో పెట్టి మూత వేశాను కూడా. నిన్న రాత్రి మళ్లీ దాని గురించి తలుచుకోలేదు గానీ, పొద్దున్న షాపు తెరిచి కూర్చున్నాక మనసొప్పలేదు. జూన్‌లో ప్రేమకొద్దీ నీకు ఒక తప్పు అంకె ఇచ్చాను. దాంతో నీకు రెండు నెలలు పోయాయి. మళ్లీ అదే ఇవ్వలేను.

ఇంటివాడు కదా అని లెక్కలోంచి తీసేయకు. ఆరు అని రాయి. కొట్టేసి కొట్టేసి రాశాను, అక్షరాలు సరిగా లేకపోతే ఏమీ అనుకోకు.

మీ మామయ్య

అక్టోబరు 3

మామయ్యకి,

ఆరు అని రాసిచ్చాను.

డాక్టరమ్మ తన పుస్తకం తీసి నా లెక్కతో పక్కపక్కన పెట్టుకుని చూసింది. అయిదూ సరిపోయాయి. ఈ ఆరోది నా పుస్తకంలో లేదే, ఎవరిది అంది. మా మామయ్యది అన్నాను. ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. తరువాత, అయిదంటే అయిదే, ఏడాది పని ఇవ్వలేను అంది. మూడు నెలలకి మాత్రం సగం చీటీలు నీకు, సగం పెద్ద షాపుకి పంపిస్తాను, డిసెంబరులో మళ్లీ లెక్క చూద్దాం అంది. అంటే షాపు మూడు నెలలు నిలబడింది. ఆ తరువాత సంగతి నా చేతుల్లో ఉంది.

నీ కవరు వచ్చిన రోజు మెట్ల మీద కూర్చుని బాగా ఏడ్చాను. షాపు పోతుందని అమ్మ అనుకుంది, పక్కన కూర్చుని వీపు నిమిరింది. దానికి కాదు మామయ్యా. జూన్‌లో నన్ను చిన్నపిల్లని చేసి ఓదార్చావు. ఇప్పుడు నీ పక్కన బెంచీ మీద కూర్చోబెట్టుకుని, పనివాళ్లు పనివాళ్లతో మాట్లాడినట్టు, ఇది తప్పు అని చెప్పావు. అది చెప్పడానికి నీకెంత కష్టమైందో ఆ అక్షరాలు చూస్తే తెలిసింది.

నీ జోడు మళ్లీ చేశాను, ఇందులో ఉంది. ఎడమ పక్క గీత దించాను. ఇది అక్టోబరు లెక్కలో మొదటి జోడు. అయిదుసార్లు కాదు, పదిసార్లు దిగి చూడు. ఎక్కడైనా కాలు తడబడితే ఆ రోజు బస్సుకే వెనక్కి పంపించు. నువ్వు పంపుతావని తెలిస్తేనే నాకు చేతులు స్థిరంగా ఉంటాయి.

నీ మేనకోడలు